ఆమెను నేనడగని ప్రశ్న

కోర్టులో ఎదుటివాళ్ల సాక్షి దొరికితే పూటంతా వదలడని వకీలుగా నాకు పేరు. ఆ పేరంటే నాకు ఇష్టం కూడా. నా సాక్షులను మాత్రం కూర్చోబెట్టి ఏమీ అడిగేవాణ్ని కాదు. వాళ్లు చెప్పాల్సింది నేనే ప్రమాణపత్రంగా రాసి, సంతకమో వేలిముద్రో పెట్టించుకునేవాణ్ని.

పాల్మాకుల నుంచి వచ్చిన ఆమె విషయంలోనూ అంతే చేశాను. భర్త పోయాక ఎకరం చేను చేసుకుని బతుకుతోంది. అన్న బతికుండగానే తనకు అమ్మాడంటూ మరిది ఒక కాగితం తీశాడు. దాని మీద అన్న సంతకం ఉంది.

"సంతకం ఆయనది కాదు సారు" అంది.

ఎట్లా తెలుసని నేను అడగలేదు. కందుకూరు వాళ్ల పాత కేసు ఒకటి ఇట్లాంటిదే ఉంటే, అందులోని రాతను దావాలోకీ, ప్రమాణపత్రంలోకీ దించేశాను. 'నా భర్తకు చదువు లేదు, వేలిముద్ర తప్ప సంతకం రాదు' అన్న వాక్యం కూడా దాంతోపాటే వచ్చేసింది. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆమెకు చదివి వినిపించలేదు.

సాక్ష్యం రాసుకోవడానికి కోర్టు ఒక వకీలును కమిషనర్‌గా వేసింది. శంషాబాద్‌లో మందుల దుకాణం పైన ఆయన ఆఫీసు. విమానం పోయినప్పుడల్లా మాట వినబడక టైపిస్టు చేతులు ఆపేవాడు.

మరిది తరఫున వచ్చిన లాయరమ్మ నాకంటే చాలా చిన్నది. గొంతు పెంచనేలేదు.

"మీ ఆయన ఏం చేసేవారమ్మా?"

"సేద్యమే. ఆదివారం చర్చిల బైబిలు వాక్యం చదువుతుండె."

"పుస్తకం చూసే చదివేవారా?"

"చూడకుండ ఎట్ల చదువుతరు బిడ్డా? ఊర్లె సగం మంది దరఖాస్తులు ఆయనే రాస్తుండె."

"అయితే సంతకం వచ్చు."

ఆమెకు నవ్వొచ్చింది. "గదేం ప్రశ్న! మంచిగ చేస్తుండె."

చెప్పి నా వైపు చూసింది, బాగా చెప్పాను కదా అన్నట్టు. ఎదుటి లాయరు అడుగుతున్నప్పుడు నేను నోరు విప్పడానికి లేదు. కిటికీ అద్దాలు వణికేట్టు విమానం ఒకటి పోయింది. ఆ చప్పుడు ఆగకుండా ఉంటే బాగుండుననిపించింది. ఆగింది. టైపిస్టు ఆ జవాబు కొట్టాడు. లాయరమ్మ ఇంకో ప్రశ్న అడగలేదు. ఆమె స్థానంలో నేనుంటే మరో గంట అడిగి పాడుచేసుకునేవాణ్ని.

మెట్లు దిగుతూ పాల్మాకుల ఆమె నన్ను అడిగింది: "ఏమన్న తప్పు చెప్పిన్నా సారు?"

"జర ఆలోచించి చెప్పాలె కదమ్మా" అన్నాను.

"అబద్ధమైతే చెప్పలే. ఆయన సంతకం ముంగట చిన్న సిలువ గీస్తుండె. చర్చి పుస్తకాలల్ల సూడుండ్రి, అన్నిట్ల ఉంటది. గా కాగితంల లేదు. గందుకే ఆయనది కాదంటున్న."

మెట్ల మీదే నిలబడిపోయాను. నేను మొదటిరోజు ఒక్క మాట అడిగి ఉంటే ఇది నా చేతిలో ఉండేది. దావా మార్చుకోనివ్వమని పిటిషన్ వేశాను. సంతకమే రాదని రాసి, ఇప్పుడు సిలువ సంగతి ఎత్తుతారా అని కొట్టేశారు. కేసు పోయింది. అప్పీలూ నిలవలేదు. చేను మరిదిదైంది.

తన నోటివల్లే పోయిందని ఆమె నమ్మింది. నేను నమ్మనిచ్చాను.

ఇప్పుడామె ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హోటల్లో గదులు తుడుస్తోంది. పోయిన నెల, వాళ్ల డ్యూటీ బస్సు ఆగేచోటికి వెళ్లి అంతా చెప్పాను. సంతకం రాదన్న వాక్యం నేను రాసిందేనని, ఆమెకు చదివి వినిపించలేదని.

"అంటే, ఆయనకు సంతకం వస్తదని చెప్పుడు తప్పు కాదా?"

"కాదమ్మా."

"మరి గా దినం ఆలోచించి చెప్పాలె అని ఎందుకన్నరు సారు?"

బస్సు వచ్చేదాకా ఆమె నా మొహమే చూస్తూ నిలబడింది.