కాలిన చెట్టుకు అనుమతి అక్కర్లేదు

కోత అయ్యాక పొలంలో మిగిలిన కొయ్యకాళ్లకు పెట్టిన మంట గాలివాటున వస్తుంది, తాటిచెట్టును ఒక్క పక్కనే నాకి పోతుంది. పోయిన కార్తీకంలో రైతు జలపతి పొలం గెట్టు మీద చచ్చిన మూడు చెట్లకు మాత్రం మసి చుట్టూరా ఉంది. గీత కార్మికుడు మొగిలయ్యకు అక్కడే అనుమానం పుట్టింది.

కొడిమ్యాల దగ్గరి ఆ ఊళ్లో, ఆ గెట్టు మీద అతని వంతుకు ఒకప్పుడు ముప్పై చెట్లు. ఇప్పుడు పదకొండు. అవీ పోతే చెట్టెక్కే మోకు దండేనికి తగిలించడమే. నరకాలంటే ఆబ్కారీ శాఖ వాళ్ల అనుమతి కావాలి. కాలిపోతే ఏ కాగితమూ అక్కర్లేదు. గెట్టు మీది చెట్లు కోత మిషన్ తిరగడానికి అడ్డం, నీడకు వరి ఎదగదు. చెట్లు ఎందుకు కాలుతున్నాయో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు.

నిన్న యాసంగి వరి కోత అయింది. ఇవాళ జలపతి పొలానికి అగ్గి పెడతాడు. పొద్దున్నే వెళ్లి చూస్తే ప్రతి చెట్టు మొదట్లో ఎండు మట్టల కుప్ప! మొగిలయ్య నేరుగా జలపతి కూర్చునే చాయ్ హోటల్‌కు నడిచాడు.

"పటేలా, చెట్ల మొదట్ల మట్టలు కుప్పవోసింది ఎవలు?"

"నాకేం ఎరుక గౌడా? గాలికి రాలినయేమో."

"గాలికి రాలితే చెల్లాచెదురు పడ్తయ్. గివి చెట్టుకు ఆనిచ్చి ఉన్నయ్."

"నీ కల్లు నువ్వే తాగినవా పొద్దుగాల?" అన్నాడు జలపతి. హోటల్ అంతా నవ్వింది.

ఠాణాలో చెప్పాలంటే సాక్షి ఉండాలి. బీడీలు చుట్టే చాట పక్కన పెట్టించి భార్య లసుమవ్వను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె ఒక మట్ట లేపి, తెగిన కొస చూసి, మొగుడి మొహం చూసింది.

"గీ గాటు ఎవలిది? నీ కత్తిదే గదా! పైన మట్టలు కొట్టి కిందికి ఇడిసేది నువ్వే. ఎనుకట పొయ్యిలకు నేను మోపుగట్టి తీస్కపోతుంటి. గ్యాస్ అచ్చినంక ఎన్నడన్న అచ్చిన్నా?"

మొగిలయ్య మట్ట తీసుకుని చూశాడు, తన కత్తి గాటే. రోజూ ఆ మట్టలు దాటుకునే చెట్టెక్కుతున్నాడు. కుప్పలు పేరుస్తున్నది తానేనని ఏనాడూ తోచలేదు.

"అయితే జలపతి మంచోడంటవా?"

"నేనన్ననా? కుప్పలు సూసుకుంట అగ్గి పెట్టెటోడు మంచోడెట్లయితడు? మాటలాపి గుంజు."

ఇద్దరూ ఈ కొస నుంచి మట్టలు ఈడ్చి బాటమీద పడేయసాగారు. ఏడు చెట్ల మొదళ్లు శుభ్రమయ్యేసరికి జలపతి అగ్గిపెట్టెతో వచ్చాడు.

"పటేలా, ఇంక నాలుగే ఉన్నయ్. జరంత ఆగు."

"రేపు దుక్కి ట్రాక్టర్ అస్తది గౌడా. నాకు టైం ఏడిది?"

అంటూనే అతను అవతలి కొసకు నడిచాడు, ఇంకా మట్టలు తీయని నాలుగు చెట్ల వైపుకు. వంగి అగ్గిపుల్ల గీశాడు. మంట కొయ్యకాళ్ల మీదుగా పాకి, కుప్పలు దొరకగానే చెట్టు నెత్తిన మొవ్వుదాకా లేచింది. పైన కట్టిన కల్లు లొట్లు ఒక్కొక్కటే పగిలాయి.

"గా కొసకే ఎందుకు వోయినవ్ పటేలా?" మొగిలయ్య అరిచాడు.

"గాలి గటుకెల్లి అస్తుంది గౌడా!"

పొగ నిట్టనిలువుగా లేస్తోంది. మిగిలిన ఏడు చెట్ల మీద ఒక్క కమ్మ కూడా కదలడం లేదు.