ఎదురుకోలులో అప్పగింతల పాట

పెండ్లికొడుకు కల్యాణమండపం గడప తొక్కకముందే పెండ్లికూతురిని అత్తారింటికి పంపించేసిన ఘనుణ్ణి నేను. అదీ కంప్యూటరుకు కొట్టిన ఒక్క వరుస ఆజ్ఞతో. ఆ వరుసను ఎవరిదీ చూసి రాయలేదు, సొంత తెలివితో రాశాను. జరిగిందంతా చెప్తాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పెనుకొండలో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో నేను హిందూపురంలో మేడమీద ఒంటి గదిలో ఉండేవాణ్ణి. మాది నల్లమాడ దగ్గర పల్లె. అక్కడ ఇంటర్నెట్టు కావాలంటే మిద్దె ఎక్కి చెయ్యి పైకెత్తి నిలబడాలి కాబట్టి ఇక్కడికొచ్చి పడ్డాను. బెంగళూరులో ఒక సంగీతం బడికి పాఠాల పుస్తకాలు తయారుచెయ్యడం నా పని. ఐదు గీతలు, వాటిమీద నల్లటి చుక్కలు, చూసే ఉంటారు, ఆ కాగితాలన్నమాట. వాటిని గీసే సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు, బటన్లు ఏమీ ఉండవు. స్వరాలను అక్షరాల్లో రాసుకుని, నల్ల తెరమీద ఒక వరుస ఆజ్ఞ కొట్టాలి. అంతే, అచ్చుపుస్తకంలోది లాంటి పేజీ బయటికొస్తుంది.

ఆ నల్ల తెర తప్ప రోజుకు నాతో మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. ఇది అతిశయోక్తి కాదు, లెక్కపెట్టుకోండి. పాలవాడు ప్యాకెట్టు తలుపుకు తగిలించి పోయేవాడు. ఫోను మోగితే రీచార్జి కంపెనీ. తెర మాత్రం నేను తప్పు రాస్తే ఏ వరుసలో తప్పో చెప్పి మరీ తిట్టేది. నా తప్పుల్ని అంత శ్రద్ధగా పట్టించుకునేవాళ్లు ఇంకెవరున్నారు చెప్పండి? కొన్నిరోజులు దాని తిట్లకోసమే తప్పులు రాశానంటే నమ్మరు. చాలా ఒంటరిగా ఉండేది. ఆ మాట అప్పుడు ఎవరితోనూ అనలేదు. అనడానికి ఎవరూ లేకపోవడమే కదా అసలు కష్టం.

నాకు క్లారినెట్ కూడా వచ్చు. వచ్చు అంటే కాగితం ఎదురుగా ఉంటే వచ్చు. ఒకరోజు మా వీధిలో పెండ్లి ఊరేగింపు పోతుంటే చెప్పులు కూడా వేసుకోకుండా బ్యాండు వెనకాలే నడిచాను. ఆ బ్యాండు ధర్మవరం ఖాదర్ మాస్టరుది. అరవై దాటిన మనిషి, ముప్పై ఏండ్లు క్లారినెట్ వాయించి, ముందుపండ్లు ఊడిపోయాక పండ్లసెట్టు పెట్టించుకుని, దాంతో క్లారినెట్ పట్టు చిక్కక, ఇప్పుడు చేత్తో తాళం చూపిస్తూ ముందు నడుస్తాడు. ఆ పరిచయంతో ఆదివారాలు రైలెక్కి ధర్మవరం పోయి వాళ్ల అంగడి ముందు కూర్చోవడం మొదలుపెట్టాను. ఒకనాడు ఆయనే అడిగాడు.

"ఏమప్పా, పాటను కాగితంలో పెట్టేది నీకు తెలుసంట గదా?"

విషయమేమిటంటే పెనుకొండలో పెద్ద పెండ్లి ఒప్పుకున్నాడు. క్లారినెట్ వాయించే తన పాతవాళ్లిద్దరూ మానుకున్నారు. బెంగళూరునుంచి నలుగుర్ని పిలిపిస్తున్నాడు, వాళ్లు కాగితం చూస్తేనే వాయిస్తారు. ఈయన పాటలేమో నోట్లో తప్ప ఎక్కడా లేవు. పెండ్లిలో వాయించే తొమ్మిది పాటలూ నేను రాసిచ్చి, వాళ్లతోపాటు వాయించాలి. "పెండ్లి బాగా జరిగిందంటే నువ్వు ఇంగ మా సెట్లో మనిషివే" అని, బంగారురంగు గుండీలున్న ఎర్రకోటు ఒకటి తీసి నా భుజానికి ఆనించి కొలత చూశాడు. హిందూపురం వచ్చిన రెండేండ్లలో నన్ను ఒకరు ఒకచోటికి చెందినవాడని అనడం అదే మొదలు. ఆయన రాతిమీద చెక్కమన్నా చెక్కేవాణ్ణి.

మూడు ఆదివారాలు ఆయన పాడితే ఫోన్లో పట్టుకుని, తొమ్మిదీ రాశాను. ముందు అప్పగింతల పాట ఒక్కటి తెరమీద ఆజ్ఞ కొట్టి చూశాను. అద్దంలా వచ్చింది. మిగిలిన ఎనిమిదికీ ఎనిమిదిసార్లు కొట్టడం మనలాంటి మేధావికి నామోషీ కదా. అదే ఆజ్ఞ వరుసను కాస్త మార్చి, తొమ్మిదింటినీ ఒక్క దెబ్బకు తీసేలా రాశాను. మార్చాల్సినవి మూడే మూడు: పైన పాట పేరు, కాగితం దాచుకునే ఫైలు పేరు, లోపలి పాట. మొదటి రెండూ మార్చాను.

మూడోది మరిచాను.

"చూసుకోలేదా నాయనా" అని మీరు అడుగుతారు. చూశాను. ఒక రోజంతా చూశాను. కానీ చూసింది పైనున్న పేర్లనే. తెలుగులో పేరు పెడితే ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. 'అప్పగింతలు'లో పావొత్తు కోపమొచ్చినట్టు దూరంగా పోయి నిలబడింది. దాన్ని బతిమాలి దగ్గరికి తెచ్చేసరికి సాయంత్రమైంది. అక్షరాలు ఎంత ముద్దుగా వచ్చాయో అని తొమ్మిది పేర్లూ చూసి మురిసిపోయాను. కింద ఏముందో ఎవరికి కావాలి? తెర తొమ్మిదిసార్లు 'అంతా సవ్యం' అంది. అది నా స్నేహితురాలు, నమ్మాను.

పెండ్లిరోజు పొద్దున ఏడు గంటలకు పెనుకొండ కల్యాణమండపం ముందు ఎర్రకోటు వేసుకుని నిలబడ్డాను. ఆ పొద్దునే వచ్చి దిగిన బెంగళూరు వాళ్లు నలుగురు, నేను ముందు వరుస. వెనక మాస్టరు పాత మనుషులు, డ్రమ్ములు, బాకాలు. వాళ్లకు కాగితంతో పనిలేదు. క్లారినెట్ ఎటు పోతే అటు పోవడం వాళ్లకు ముప్పై ఏండ్ల అలవాటు. ఈ అలవాటు గుర్తుపెట్టుకోండి, కొంప ముంచింది ఇదే. మాస్టరు గేటు దగ్గర పెద్దమనుషులతో ఉన్నాడు. మగపెండ్లివారి బస్సు వచ్చి ఆగింది. ఆయన చెయ్యెత్తాడు. మేము 'ఎదురుకోలు' అని ముద్దుగా రాసి ఉన్న కాగితం చూసి మొదలుపెట్టాం.

ఆ పాట వింటే రాయికైనా కన్ను చెమ్మగిల్లుతుంది. ఎదురుకోలుకు ఎందుకింత దుఃఖం అని నా చెవులకు అనుమానం వచ్చింది, కాదనను. కానీ పైన 'ఎదురుకోలు' అని ఉందే. పైగా రాసింది నేనే. చెవుల మాట వింటానా? ఇంకా భావం కలిపి వాయించాను. వెనకవాళ్లు రెండు క్షణాలు తడబడి, ఇదేదో కొత్త పద్ధతి కాబోలని మా వెంబడే వచ్చేశారు. పదహారుమంది కలిసి గుండె పిండేశాం.

ముందువరుస కుర్చీలో కునుకు తీస్తున్న పెండ్లికూతురి అవ్వ దిగ్గున లేచింది. "నన్ను లేపకుండానే తాళి కట్టించేసినారా" అని ఏడుపు అందుకుంది. ఆమెను చూసి మేనత్తలు, వాళ్లను చూసి ముఖానికి పసుపు పూసుకుంటున్న పెండ్లికూతురు. బస్సు మెట్టుమీద ఒక కాలు, కింద ఒక కాలు పెట్టి పెండ్లికొడుకు నాయన ఆగిపోయాడు.

"ఏమప్పా, మేము ఇంగా దిగనే లేదు. అప్పుడే పంపిస్తాండారా?"

మాస్టరు ముఖం తెల్లబోయింది. పరుగున వచ్చి, తరువాతి కాగితం తియ్యమన్నాడు. తీశాం. పైన 'మంగళస్నానం'. కింద మళ్లీ అదే ఏడుపు. ఇంకోటి తియ్యమన్నాడు. 'తలంబ్రాలు'. అవ్వ రెండో విడత మొదలుపెట్టింది. అప్పుడు బెంగళూరు క్లారినెట్ పెద్దాయన చాలా మర్యాదగా, మీ ఊళ్లలో పెండ్లికి ఒకటే పాటా సార్ అని నన్ను అడిగాడు. నేను తొమ్మిది కాగితాలూ గబగబా తిప్పాను. తొమ్మిది పేర్లు, ఒకటే పాట. కాళ్లకింద పెనుకొండ కొండ కదిలినట్టయింది.

మాస్టరు నా చేతిలోని క్లారినెట్ తీసుకున్నాడు. పండ్లసెట్టు తీసి, చేతిగుడ్డలో చుట్టి, "ఇవి పట్టుకో" అని నాకిచ్చాడు. ఉత్త చిగుళ్లతో ఎదురుకోలు అందుకున్నాడు. ఊపిరి చాలక మధ్యమధ్య ఈల వస్తోంది, అయినా పాట పాటే. వెనకవాళ్లు ప్రాణం లేచొచ్చినట్టు వాయించారు. పెండ్లివారు లోపలికి నడిచారు. మధ్యాహ్నం మూడు దాకా ఆ ముసలాయన అలాగే వాయించాడు. నేను ఎర్రకోటు వేసుకుని, గుండెకు ఆనించుకుని, ఆయన పండ్లు పట్టుకుని నిలబడ్డాను. ఫోటోల్లో కూడా ఉన్నానట.

చివరికి నిజం అప్పగింతలు వచ్చాయి. నా కాగితాల్లో సరిగ్గా ఉన్నది అదొక్కటే. బెంగళూరువాళ్లు ప్రాణం పెట్టి వాయించారు. ఒక్కరికీ కన్నీరు రాలేదు. "పొద్దున్నే ఏడ్చేసినాం కదప్పా, ఇంగ యాడుండాది" అంది అవ్వ. పెండ్లికూతురు పాట వినగానే పక్కున నవ్వి, నవ్వుతూనే కారెక్కింది. అత్తగారు అనుమానంగా చూసింది.

ధర్మవరం తిరిగి పోయే టెంపోలో ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కోటు విప్పి, మడిచి, మాస్టరు ఒడిలో పెట్టాను. ఆయన పండ్లు కడుక్కుని పెట్టుకునేదాకా ఆగాడు.

"పాట రాసినంక ఎవురికి ఇనిపించినావు?"

"ఎవురికీ లేదు మాస్టరూ."

"ఎందుకని?"

"రూములో ఎవురుండారు ఇనేకి?"

ఆ మాట అన్నాక నాకు ఏడుపొచ్చింది. పొద్దుటినుంచి ఊరంతా ఏడ్చిన పాటకు నా వంతు అప్పుడొచ్చింది. మాస్టరు కోటు నా ఒడిలోకి తోసి, దినామూ సాయంత్రం ఫోన్ చేసి, రాసింది రాసినట్టు వాయించమన్నాడు. ఇంకొక్కసారి తప్పు జరిగితే కోటు మాత్రం వెనక్కి ఇవ్వాల్సిందేనన్నాడు.

ఆ రోజునుంచి దినామూ ఆరు గంటలకు ఫోన్ చేశాను. మాస్టరు ఎత్తి "ఊ, వాయించు" అనేవాడు. అయ్యాక ఆయన భార్య బీబమ్మ, "బాగుండాదన్నాడప్పా" అని చెప్పి పెట్టేసేది. నాలుగు నెలలు ఒక్క తప్పూ లేదు. అంత గొప్పవాణ్ణా నేను? నాకే నమ్మకం కుదరక ఒకరోజు పరీక్ష పెట్టాను. ఎదురుకోలు వాయిస్తున్నానని చెప్పి, కావాలని అప్పగింతలు వాయించాను. "బాగుండాదన్నాడప్పా" అంది బీబమ్మ.

ఆదివారం కోపంగా రైలెక్కి ధర్మవరం పోయాను. మాస్టరు ఇంట్లో లేడు. బీబమ్మ వాకిట్లో కూర్చుని చెనిక్కాయలు, అదే వేరుసెనగలు, వొలుస్తోంది. ఆయన నా పాట వింటున్నాడా లేదా చెప్పమని నిలదీశాను.

"యాడింటాడు. ఫోను నా చేతికిచ్చి టీ అంగడికి పోతాడు. దినామూ నేనే ఇంటాండా."

"మరి మొన్నటిది?"

"ఎదురుకోలని చెప్పి అప్పగింతలు వాయించినావు. నాకు తెలీదా? ఆయనకు చెప్తే నీ కోటు పెరికేస్తాడు. కోటు పోతే నువ్వు ఫోన్ జేస్తావా? ఆ పొద్దుకు ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటా నాయనా."

నేను ఆమె పక్కన కూర్చుని కాసేపు చెనిక్కాయలు వొలిచాను. పరీక్ష పెట్టినందుకు సిగ్గుగా ఉంది. హిందూపురంలో ఆరు గంటలకు నేనొక్కణ్ణే కాచుకుని ఉంటున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను.

కాబట్టి పాఠకులారా, మీరే సాక్షి, ఎర్రకోటు గుండీలమీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఒక్క వరుసతో తొమ్మిది పాటలు తియ్యబోను. తెర 'అంతా సవ్యం' అంటే ఈ జన్మలో నమ్మను. బీబమ్మ బాగుందంటే మాత్రం అసలు నమ్మను. అయినా రేపు ఆరింటికి ఫోన్ చేస్తాను.