శనివారం దొరికిన కొర్రమీను

ఒకచోట ఎక్కువ రోజులు ఉండలేకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. ఆ తర్వాత లారీ మీద క్లీనర్‌గా, టెంట్ హౌస్‌లో, దుబాయ్‌లో కొన్నాళ్లు పనిచేశాను. సింగపూర్‌లో మాత్రం నిలిచాను, ఇంకా ఉండాలనే అనుకున్నాను. రాఫెల్స్ ప్లేస్‌లో ప్రతి టవర్లోనూ కొత్త అంతస్తులు కంప్యూటర్లతో నిండిపోతున్న రోజులవి. ఆఫీసు నేల మీది పలకలు ఎత్తి, వాటి కింద నెట్‌వర్క్ కేబుళ్లు లాగడం నా పని. ఒకరోజు పలక కింద వేలు నలిగి తెలుగులో గట్టిగా తిట్టాను. "ఏ ఊరోయ్ మనది?" అని పై నుంచి వినిపించింది. అలా పరిచయమయ్యారు ప్రసాద్ గారు. ఆయనది తెనాలి వైపు, ఆ అంతస్తులో ఉన్న బ్యాంకులో ప్రాజెక్ట్ మేనేజర్. మా కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతుందనీ, దాంతో నా వర్క్ పర్మిట్ కూడా పోతుందనీ చెప్పాను. వాళ్ల సర్వర్ రూమ్ చూసే కంపెనీకి కేబుల్ పని తెలిసిన మనిషి కావాలట. "నేనో మాట చెబుతాలే" అన్నారు. ఆ వెంటనే, "ఇక్కడ గాలానికి కొర్రమీను పడదా?" అని అడిగారు. ఈ ప్రయాణం మొదలైంది ఆ ప్రశ్నతోనే.

దానికి జవాబు తెలిసినవాడు టవర్ కింద సెక్యూరిటీలో ఉండే యూసుఫ్ అంకుల్. సింగపూర్‌లో తోమన్ అనే చేప ఉంది. మన కొర్రమీనుకి పెద్దన్న లాంటిది, పాము తల, పక్కన నల్లటి పట్టీ. ఎవరో ఎప్పుడో తెచ్చి మంచినీళ్ల రిజర్వాయర్లలో వదిలారు, అది పెరిగి మిగతా చేపలన్నిటినీ మింగుతోంది. పెద్ద వానలు పడితే రిజర్వాయర్ గేట్లు తెరుస్తారు. అప్పుడు తోమన్ కొట్టుకొచ్చి, సముద్రపు ఆటుపోట్లు తగిలే నదిలో పడుతుంది. అంకుల్ పట్టేది అక్కడే. మమ్మల్ని తీసుకెళ్లడానికి ఒక్కటే షరతు పెట్టాడు. పట్టిన తోమన్ ప్రాణంతో ఒడ్డు దాటకూడదు. "దానికి పర్మిట్ లేదు లా" అని, అక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా'తో, నన్ను చూసి కన్ను కొట్టాడు. నేను సరే అన్నాను. ప్రసాద్ గారు అప్పుడు అక్కడ లేరు. ఆ మాట ఆయనకు చెప్పాలని నాకు తట్టలేదు.

గురు, శుక్రవారాలు రెండు రోజులూ కుండపోత. శనివారం తెల్లవారుతూనే లిటిల్ ఇండియా దగ్గర 170 నంబరు బస్సెక్కాను. టికెట్టు రెండు డాలర్ల లోపే. బుకిట్ పంజాంగ్ దగ్గర ప్రసాద్ గారు ఎక్కారు. చేతిలో కొత్త గాలం కర్ర, ఇంకో చేతిలో మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ బకెట్. క్రాంజి చేరడానికి మొత్తం గంట పట్టింది. అక్కడ కాఫీ షాపులో అంకుల్ టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేసి, అంటే ఎవరూ కూర్చోకుండా ఆపి, ఉంచాడు. పరోటాలు చెప్పబోతుంటే ప్రసాద్ గారు ఆపారు.

"నాకు గుడ్డు లేకుండా చెప్పండి."

"కోసోంగ్ ఆ? ఉత్త పరోటానా? ఎందుకు, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు అంకుల్.

"శనివారం అంకుల్. మేం శనివారం నీచు ముట్టం."

"అయితే చేపలు ఎందుకు పడుతున్నావ్?"

"పట్టొచ్చు. తినకూడదంతే."

అంకుల్ నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు. "మీ దేవుడు మంచి లాయర్ లా" అన్నాడు. ప్రసాద్ గారు కూడా నవ్వారు. బకెట్ ఎందుకు తెచ్చారో నాకప్పుడు అర్థమైంది.

అక్కడి నుంచి నది దాకా ఇరవై నిమిషాల నడక. గేటుకి పై వైపున గాలం వేయకూడదని బోర్డు ఉంది, కింది వైపు పర్వాలేదు. మేం వెళ్లేసరికి ఆటు. నీళ్లు తగ్గి బురద బయటపడింది, మడ చెట్ల వేళ్లు పైకి లేచి ఉన్నాయి. గేట్ల లోంచి ఎర్రటి మంచినీళ్లు ధారగా పడుతున్నాయి. సముద్రం పోటు మీదకి వచ్చేదాకానే తోమన్ ఇక్కడ చురుగ్గా ఉంటుందట, ఉప్పు ఎక్కువైతే నీరసపడిపోతుంది. ఎర రబ్బరు కప్ప. దాన్ని విసిరి నీటి మీద కుప్పిగంతులు వేయిస్తూ లాగాలి. నేను విసిరిందల్లా మడ వేళ్లకే చిక్కుకుంది. ప్రసాద్ గారి చెయ్యి మాత్రం చక్కగా తిరిగింది. చిన్నప్పుడు కాలవ గట్ల మీద పెరిగిన చెయ్యి మరి. పదిన్నరకి ఆయన కప్ప మాయమైంది. కర్ర విల్లులా వంగింది. ఆయన బురదలో మోకాళ్ల దాకా దిగిపోయి, "ఒరే, పట్టుకోండ్రా!" అని అరుస్తూనే ఉన్నారు. అంకుల్ వల పెట్టి ఎత్తాడు. నా చెయ్యంత పొడవుంది. ఒడ్డు మీద పెడితే నోరు తెరిచి గాలి మింగుతూ, రెక్కల మీద పాక్కుంటూ నీళ్ల వైపే తిరిగింది.

అంకుల్ సంచిలోంచి పొట్టి కర్ర తీశాడు. ప్రసాద్ గారు చేప మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"చంపొద్దు. బకెట్లో వెయ్యండి. రేపు ఆదివారం, ఇంటి దగ్గర కోయిస్తాను."

"నో లా. ఇక్కడే. ఇతను ఒప్పుకున్నాడు."

ప్రసాద్ గారు నా వైపు చూశారు. "ఏంటోయ్, నువ్వేం ఒప్పుకున్నావ్?"

చెప్పాను. ఆయన ఇంటికి ఫోన్ చేశారు. పక్కనే ఉన్నాను కాబట్టి ఆయన కూతురి గొంతు నాకూ వినపడింది. "డాడీ, కిల్ చెయ్యొద్దు లా! కెన్ కీప్ ఆ? ప్లీజ్!" ఆయన మొహం మెత్తబడింది. "సరే తల్లీ, చూద్దాం" అని పెట్టేశారు. బకెట్లో నీళ్లు ముంచి నా ముందు పెట్టారు.

"వెయ్యవోయ్. సోమవారం నీ పని మీద వాళ్లతో మాట్లాడాలి కూడా. ఎండెక్కకుండా వెళ్దాం."

ఆయన బెదిరించినట్టు అనలేదు, మామూలుగానే అన్నారు. అంకుల్ కర్రని చేప పక్కన నేల మీద పెట్టి, వెనక్కి జరిగి సిగరెట్ వెలిగించాడు. నాకు తెలిసిందొక్కటే. పాప పెంచుకుంటానని అడిగిన చేప ఇక కూర అవ్వదు. రెండు రోజులు బాత్రూంలో ఉంటుంది, మూడో రోజు అపార్ట్‌మెంట్ కింద ఉన్న పెద్ద కాలవలోకి పోతుంది. కర్ర తీసుకుని తల మీద ఒక్కటి కొట్టాను. తోక రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది.

"రేపటి దాకా ఆగలేకపోయావా?" అన్నారు ప్రసాద్ గారు.

"మీరు కొయ్యరు సార్. పాప కొయ్యనియ్యది. అది ఎన్కకు నీళ్లల్లకే పోతది."

ఆయన బకెట్‌లో నీళ్లు పారబోసి, టాక్సీ పిలిచి వెళ్లిపోయారు. చేపని ఐస్‌లో పెట్టి అంకుల్ ఫ్రిజ్‌లో ఉంచాం. ఆదివారం కల్లుప్పుతో జిగురు పోయేదాకా రుద్ది, మా గదిలోనే పులుసు పెట్టాను. మధ్యాహ్నం గిన్నె పట్టుకుని బుకిట్ పంజాంగ్ వెళ్లి తలుపు కొట్టాను. ప్రసాద్ గారు నన్ను చూసి, గిన్నెను చూసి, "లోపలికి రా" అన్నారు. పాప వచ్చి, "అంకుల్, దిస్ వన్ ఆ?" అంది. "అవునమ్మా" అన్నాను. తను పప్పన్నం తింది. ప్రసాద్ గారు రెండోసారి వడ్డించుకున్నారు. నాతో వాతావరణం గురించి మాట్లాడారు.

తర్వాతి వారం ఆఫీసులో కనపడినప్పుడు, ఆ కంపెనీ వాళ్లకి టెన్త్ సర్టిఫికెట్ తప్పనిసరి అని చెప్పారు. "చేప సంగతి కాదోయ్, నిజంగా" అన్నారు. నేను అడగలేదు, ఆయనే అన్నారు. నిజమే అయి ఉంటుంది. ఆయన ముందే అడిగి ఉంటే నేనే చెప్పేవాణ్ణి, నా దగ్గర అది లేదని. నెలాఖరుకి పర్మిట్ పోయి తిరిగొచ్చాను, ఇది నిజామాబాద్‌లో నెట్ సెంటర్లో కూర్చుని రాస్తున్నాను. ఆ నది గుర్తొస్తే నాకు ఉద్యోగం కంటే ముందు ఆ బకెట్ గుర్తొస్తుంది, అందులో అది పట్టేది కాదు, తోక బయటే ఉండేది. మిగతాదంతా ఎవరి ఇష్టం వాళ్లది. ఆ చేప ఉండాల్సిన నీళ్లు మాత్రం ఆ నదివీ, ఆ కాలవవీ కావు. మీలో ఎవరైనా అటు వెళ్తే వాన పడిన మర్నాడు, ఆటు ఉన్న పూట చూసుకుని వెళ్లండి, బోర్డు ఏం చెబుతోందో చదవండి. అన్నిటికంటే ముందు, కాఫీ షాపులో కూర్చున్నప్పుడే, గాలం కర్ర విప్పకముందే, పడ్డదాన్ని చంపేది ఎవరో తేల్చుకోండి.