పెద్దమ్మ వాగ్దాన కార్డు

నాకు తెలుగు అక్షరాలు బైబిల్లోనే వచ్చాయి. చదువంతా మరాఠీలో. చంద్రపూర్‌లో మా గల్లీ తెలుగు పిల్లలకు ఇంట్లో మాట్లాడటమే గాని చదవటం రాదు. మా నాన్న మాత్రం కరెంటు ప్లాంటులో డ్యూటీ దిగి వచ్చి, బొగ్గు నుసి కడుక్కుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వాక్యం మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం పలికించేవాడు. పదేళ్ళకే గడగడా చదివేదాన్ని. ఆదివారం ఆరాధనలో అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, వాక్యభాగం చదవడానికి నన్నే లేపేవారు. రేకుల షెడ్డులో పెద్దవాళ్ళందరూ తలలు వంచి నేను చదివేది వినేవాళ్ళు. అలా వినడం నా తలకెక్కింది.

పందొమ్మిదేళ్ళు వచ్చేసరికి నా భక్తి ఇంట్లో ఎవరినీ బతకనిచ్చేది కాదు. వాక్యాన్ని రోజువారీ జీవితంలో పెట్టుకోవాలని యువకుల కూడికలో చెప్పారు. నేను తీసుకెళ్ళి గోడలకు పెట్టాను. చీటీల మీద రాసి, నాన్న గడ్డం గీసుకునే అద్దానికి కోపం గురించిన వాక్యం అంటించాను. ఫ్రిజ్ మీద తిండిపోతుల గురించినది, తమ్ముడి కోసం. టీవీ మీద, పనికిమాలినవాటిని కళ్ళ ముందు పెట్టుకోకూడదని చెప్పేది, అమ్మ సీరియల్ కోసం. అమ్మ ఆ చీటీ పీకి నా చేతిలో పెట్టింది.

"టీవీ సూడద్దని దేవుడు నీకు ఫోన్ జేసిండా? అందరి మీదికి ఒక్కో వాక్యం దొరికింది గని, నీ మీదికి ఒక్కటన్న దొరకలేదా?"

చీటీ మళ్ళీ అంటించలేదు. అయినా ఆమె మనసు మారాలని ఆ రోజు మోకరించి ప్రార్థన చేశాను. ఏం పొగరో చూడండి! కాలేజీలో నా పక్కన కూర్చునే పిల్ల గణపతి ప్రసాదంగా మోదక్ తెచ్చి చేతిలో పెట్టబోతే, నవ్వి వద్దంటే సరిపోయేది. లేచి నిలబడి, తరగతంతా వినేలా వాక్యం చెప్పాను. ఆ పిల్ల మోదక్‌ను రుమాల్లో చుట్టుకుని వేరే బెంచీకి వెళ్ళిపోయింది. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. తలుచుకుంటే ఒళ్ళు ముడుచుకుపోతుంది. కానీ అవన్నీ ఒక ఎత్తు, పెద్దమ్మకు నేను చేసింది ఒక ఎత్తు.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. గోడ అవతలి ఇల్లు. కాంట్రాక్టు కూలీల మెస్సులో వంట చేసేది. భర్త పోయాక ఒక్కతే కూతురిని పెంచుకుంది. ఆ కూతురిని నేను అక్కా అని పిలిచేదాన్ని. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నాకు జడ వేసింది తనే, సైకిలు నేర్పింది తనే. మొదటిసారి నెలసరి వచ్చి భయపడి ఏడిస్తే, అమ్మకంటే ముందు నా పక్కన కూర్చుంది తనే. పెద్దమ్మకు గాని, అక్కకు గాని తెలుగు చదవడం రాదు. తెలుగు చీటీ ఏది వచ్చినా గోడ మీదుగా నా చేతికే వచ్చేది.

ఒకరోజు అక్క ఇంట్లోంచి వెళ్ళిపోయి కోఠారి ఊరి అబ్బాయిని కోర్టులో పెళ్ళి చేసుకుంది. మరాఠీ వాళ్ళు, హిందువులు. మా చర్చి సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. పెద్దమ్మ ఏడాదిన్నర పాటు కూతురితో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అవిశ్వాసితో జోడు కట్టింది కాబట్టి మాట్లాడనని అందరికీ చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. వెళ్ళే ముందు రోజు సాయంత్రం కూడా అక్క నాతో కూర్చుని వేరుశనగలు తింది, నాకు ఒక్క ముక్క చెప్పలేదు. అదే నా మంట. దాని మీద వాక్యం కప్పుకున్నాను.

డిసెంబరులో అక్క ఫోన్ చేసింది. ఏడో నెలట. మా దగ్గర తెలుగువాళ్ళకైనా మరాఠీ వాళ్ళకైనా తొలి కాన్పు పుట్టింట్లోనే. "అమ్మా, వస్తనే" అని అడిగింది. పెద్దమ్మ ఔననలేదు, కాదనలేదు. మరుసటి రోజు గోడ దగ్గర నన్ను పిలిచింది.

"నాకైతే తీసుకరావాలనే ఉన్నది బిడ్డా. కడుపు గుంజుతున్నది. గని సంఘమోళ్ళు ఏమంటరో, దేవునికి ఎట్లుంటదో. కొత్త సంవత్సరం కార్డు తీస్త గద, దాంట్ల దేవుడు ఏం జెప్తే గదే జేస్త. నువ్వు గూడ ప్రార్థన జెయ్యి."

ఆ కార్డుల సంగతి చెప్పాలి. జనవరి ఒకటిన పొద్దున ఆరాధన అయ్యాక స్టీలు పళ్ళెంలో చిన్న చిన్న కార్డులు బోర్లా పరుస్తారు. ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం. ఒక్కొక్కరే వెళ్ళి కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. అది ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన వాగ్దానం. కొందరు దాన్ని బైబిల్లో దాచుకుంటారు, కొందరు బీరువాకు అంటిస్తారు. ఉద్యోగాలూ పెళ్ళిళ్ళూ ఆ ముక్క మీద తేల్చుకునేవాళ్ళు కూడా ఉన్నారు మాలో.

అంతలో పెద్దమ్మ డింక్ లడ్డూలు చేసి పెట్టింది. బాలింతల కోసం తుమ్మజిగురు వేయించి, కొబ్బరి, ఖర్జూరం వేసి కట్టే లడ్డూలు. మా వీధంతా నెయ్యి వాసన వచ్చింది. స్టీలు డబ్బా నిండా కట్టి మూత పెట్టింది. కార్డు తీయకముందే ఆమె మనసు ఎటుందో ఆ వాసనకే తెలిసిపోయింది. నాకూ తెలిసింది.

జనవరి ఒకటి పొద్దున పెద్దమ్మ కార్డు తీసుకుని నేరుగా బయటకు, చెప్పులు విడిచేచోట నిలబడ్డ నా దగ్గరికి వచ్చింది. కార్డు నా చేతిలో పెట్టింది.

"ఏమున్నది బిడ్డా?"

చూశాను. తల్లి తన బిడ్డను ఎలా ఓదారుస్తుందో అలా నేను మిమ్మల్ని ఓదారుస్తాను అనే అర్థం వచ్చే వాక్యం. ఇంతకంటే తేటగా ఎవరు చెబుతారు? చదివి ఉంటే ఆమె ఆ కాళ్ళతోనే కోఠారి బస్సెక్కేది. నాకేమనిపించిందంటే, ఇది ఆమెకు రావలసిన వాక్యం కాదు అనిపించింది. తప్పు చేసినవాళ్ళకు ఓదార్పు ఇంత సుళువుగా దొరకకూడదు అనిపించింది. దేవుడు పొరబడితే నేను సరిదిద్దాలి అన్నంత ధీమా. కార్డు వైపు చూస్తూనే, నాకు కంఠతా వచ్చిన వేరే వాక్యం చెప్పాను. వారి మధ్య నుంచి బయటికి వచ్చి వేరుగా ఉండాలనీ, అపవిత్రమైనదాన్ని తాకకూడదనీ చెప్పేది.

పెద్దమ్మ కాసేపు నా మొహంలోకి చూసింది.

"గంతేనా?"

"అంతే పెద్దమ్మా."

"ఇంకొకసారి సదువు బిడ్డా."

మళ్ళీ అదే చెప్పాను. ఈసారి అక్షరాల కింద వేలు కూడా పెట్టాను, మా నాన్న నాకు నేర్పినట్టే.

అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. అదీ దేవుని వాక్యమే కదా, నా సొంతం కాదు కదా! ఈ ముక్క పట్టుకుని చాలా రోజులు నిద్రపోగలిగాను.

ఇంటికి వచ్చాక పెద్దమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకునే అక్కకు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది.

"రావద్దు బిడ్డా. దేవుడు ఒప్పుకుంటలేడు."

 అక్క "ఖరంచ్?" అంది మరాఠీలో, నిజంగానేనా అని. "దేవుడు ఒప్పుకుంటలేడా, నువ్వు ఒప్పుకుంటలేవా?"

"కార్డు మీద గట్లనే ఉన్నది."

"చెల్లె ఉన్నదా గక్కడ? దానికియ్యి. అది సదివి జెప్తే నమ్ముత."

ఏడాదిన్నర తర్వాత అక్క గొంతు నాతో మాట్లాడింది. "ఎట్లున్నవే? బాగ సదువుతున్నవా?" అని ముందు నా క్షేమం అడిగింది. అప్పుడైనా మాట దిద్దుకోవచ్చు. పెద్దమ్మ పక్కనే ఉంది, ఇప్పుడు మార్చి చెబితే నా పరువు పోతుంది. నా పరువు! కార్డు చేతిలో పెట్టుకుని మూడోసారి కూడా అదే చదివాను.

"సరే" అంది అక్క. "నువ్వు జెప్పినవంటె గట్లనే ఉంటది."

ఫిబ్రవరి నెల సగమయ్యాక పెద్దమ్మ లడ్డూల డబ్బా మా ఇంటికి తెచ్చింది. "ఖరాబైతయి, తినుండ్రి" అని అమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. వారం రోజులు మేమే తిన్నాం. నేనూ తిన్నాను. బాగున్నాయని కూడా అన్నాను.

మార్చిలో అక్కకు ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టమైందని, రెండు రోజులు నొప్పులు పడిందని, అత్తగారు మంచిది కాబట్టి చూసుకుందని ఎవరో చెబితే తెలిసింది. "అమ్మా" అనే అరిచిందట అన్నిసార్లూ. ఆ కబురు విన్న పూట పెద్దమ్మ మెస్సులో అన్నం మాడబెట్టి కూలీల మేస్త్రీ ముకద్దం చేత మాటలు పడింది. ఇన్నేళ్ళలో ఆమె చేతి అన్నం మాడటం అదే మొదటిసారి. కార్డును మాత్రం బీరువా తలుపుకు మైదాపిండితో అంటించి, రోజూ పొద్దున దాని ముందు నిలబడేది. చదవడం రాదు కదా, ఊరికే చూసేది.

పాపకు ఏడో నెలలో, అక్టోబరు ఎండలు మండే ఒక మధ్యాహ్నం, అక్క చెప్పకుండా వచ్చేసింది. పాపను చంకన వేసుకుని వచ్చి తలుపు కొట్టింది. పెద్దమ్మ తలుపు తీసింది. పిల్లను చూసింది. అంతే, అందుకుని గుండెకు అదుముకుంది. దేవుడు వద్దన్నాడని నమ్ముతూనే తీసుకుంది. నేను అలికిడి విని వెళ్ళి గడపలో నిలబడ్డాను. అక్క నన్ను చూసి నవ్వింది. లోపలికి రమ్మంది. తర్వాత బీరువా మీది కార్డు చూసి, "గిదేనా గది?" అని ఫోన్ తీసింది.

ఈ రోజుల్లో ఫోన్ కెమెరా ఏ భాషనైనా చదివి వినిపిస్తుంది. నాకు తెలుసు ఆ సంగతి. పరిగెత్తి వెళ్ళి ఆ కార్డు పీకేయాలనిపించింది, కాని గడపలోనే ఉండిపోయాను. ఫోన్ ఏ రాగమూ లేని గొంతుతో చదివింది. తల్లి, బిడ్డ, ఓదార్పు.

"మల్ల పెట్టు" అంది పెద్దమ్మ.

మళ్ళీ చదివింది. పాప ఆ గొంతు విని కిలకిలా నవ్వింది. అక్క నా వైపు తిరిగి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. ఇది చేసింది నువ్వేనా అన్నట్టు చూసింది, అంతే. పెద్దమ్మ నన్ను చూడలేదు. పాప చెమట కొంగుతో తుడుస్తూ, "చాయ్ తాగుతవా బిడ్డా?" అని అడిగింది. అమ్మ పిలుస్తోందని చెప్పి వచ్చేశాను. అమ్మ ఆ పూట ఇంట్లోనే లేదు.

ఆ తర్వాత ఆరాధనలో వాక్యం చదవడం మానేశాను. గొంతు బాగాలేదన్నాను. నిజానికి నా గొంతు నాకే అసహ్యమేసింది. ఇంట్లో చీటీలన్నీ పీకేశాను. అమ్మ అప్పుడు అన్న మాట నిజమే, ఆ పుస్తకంలో అబద్ధమాడే నాలుక గురించి ఎన్ని మాటలున్నాయో, ఒక్కటీ నేను నా అద్దానికి అంటించుకోలేదు. గోడ దగ్గర పెద్దమ్మ ఎదురుపడితే తల దించుకుని వెళ్ళేదాన్ని. క్షమించమని అడగాలని ఎన్నిసార్లో అనుకున్నాను. అడిగితే ఆమె వెంటనే "పోనియ్ బిడ్డా" అంటుందని తెలుసు. అంత సుళువుగా దొరుకుతుందనే భయం. ఆ రోజు ఆమెకు సుళువుగా దొరకకూడదనుకున్నదాన్ని కదా.

జనవరి ఒకటి వచ్చింది. అక్క కూడా వచ్చింది ఆరాధనకు, పాపతో, వెనక వరుసలో కూర్చుంది. కార్డులు తీయడం అయ్యాక నేను గబగబా చెప్పులు వేసుకుంటుంటే పెద్దమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. చేతిలో కార్డు. పక్కనే అక్క.

"సదువు బిడ్డా."

"అక్క ఫోన్ ఉంది కదా పెద్దమ్మా."

"ఉన్నది. నువ్వు సదువు."

"పెద్దమ్మా, ఆ రోజు నేను..." అన్నాను.  ఏడుపొచ్చింది.

"ముందుగాల సదువు. గీసారి ఉన్నదున్నట్టు సదువు."

కార్డు తీసుకున్నాను. అక్షరాలు మసకబారాయి. కళ్ళు తుడుచుకుని, వేలు పెట్టి, ఒక్కో మాటా పలికాను. నీ రాకపోకలలో నిన్ను కాపాడతానని చెప్పే వాక్యం. చిన్నదే.

"గంతేనా?" అంది పెద్దమ్మ.

"అంతే పెద్దమ్మా."

ఆమె తలూపింది. నా చేతిలోంచి కార్డు మెల్లగా తీసుకుని అక్కకిచ్చింది. అక్క నా వైపు చూడకుండా దాని మీద ఫోన్ పెట్టింది. అది చదివి ముగించేదాకా ముగ్గురం చెప్పుల మధ్య నిలబడి విన్నాం.

"గట్లనే ఉన్నది" అంది పెద్దమ్మ, కార్డు కొంగున ముడివేసుకుంటూ.