బాజి చేతులు

బందరు బాక్సర్ బాజికి చేతులకు గుడ్డపట్టీ చుట్టుకోవడం రాదు. మూడేళ్లు జిల్లా ఛాంపియన్‌గా ఉన్నా రాదు. ఆ పని అతని గురువు అల్లాబక్షుదే. పరుపులు కుట్టుకునే ఆ ముసలాయన పట్టీ చుట్టి, బాజి పిడికిళ్లను కాసేపు తన చేతుల్లో బిగించి, ఆ తర్వాతే రింగులోకి పంపేవాడు. అదేదో మంత్రమనుకునేవాళ్లం.

డెబ్బై ఏడు ఉప్పెన నాడు ఆయన పెళ్లివారి పరుపులు ఇవ్వడానికి సముద్రపు ఒడ్డునున్న పాలకాయతిప్ప వెళ్లాడు. తిరిగి రాలేదు.

మూడు నెలలకు గుడివాడలో పోటీ. కాలేజీ మానేసి ఖాళీగా తిరుగుతున్న నా మీద పడింది పట్టీ చుట్టే పని. చుడుతుంటే బాజి చేతులు వణికిపోతున్నాయి.

“ఏంట్రా బావా, జ్వరమా?”

“భయంరా. ప్రతిసారీ ఇంతే. మాస్టారు పట్టుకుంటే ఆగేది. ఎవరికీ చెప్పేవారు కాదు.”

“ఛాంపియన్‌వి, నీకు భయమేంట్రా?”

“నోరు మూసుకుని గట్టిగా పట్టుకో.”

పట్టుకున్నాను. ఆగలేదు. కాసేపటికి నా చేతులూ వణకసాగాయి.

“నీకూనా?” అన్నాడు బాజి, నవ్వబోయి నవ్వలేక.

అతని పేరు రెండుసార్లు పిలిచారు. బాజి పళ్లతో పట్టీ ముడి విప్పుకున్నాడు.

మళ్లీ రింగెక్కలేదు. అల్లాబక్షు కొట్లో పరుపులు కుడుతున్నాడు. పిరికివాడని ఊరంతా అంటోంది. అనేవాళ్లెవరూ ఆ చేతులు పట్టుకుని చూడలేదు.