ఎక్స్‌రేకు దొరకని మోకాలు

పెనుకొండ కోట చూసి కొండ దిగుతుంటే నా కుడి మోకాలు మధ్యలో ఆగిపోయింది. మిగతా నేను ఒక అడుగు ముందుకు పోయి, దానికోసం వెనక్కి రావాల్సి వచ్చింది. వెనకాల వస్తున్న బావమరిది ఓబులేసు, "ఏం బావా, దిగేదానికి గూడా ముహూర్తం చూస్తాండావా?" అన్నాడు. అప్పటికి నాకు నలభై నిండలేదు.

మాది ధర్మవరం. బి.కాం. చదివి, ఆ చదువుకు ఏ శ్రమా కలగకుండా గుంతమగ్గంలో పట్టుచీరలు నేస్తున్నాను. నేలలో గుంత, గుంతలో కాళ్లు, కాళ్ల కింద తొక్కే పలకలు. మోకాలు పోతే మగ్గం పోతుంది. నాకు వేరే పని రాదు. వచ్చినా ఇంత ఇష్టం ఉండదు.

నొప్పి తగ్గకపోతే హిందూపురంలో ఎముకల డాక్టరు దగ్గరికి పోయాను. ఎక్స్‌రే చూసి, "నార్మల్. ఎముకలు బాగున్నాయి" అన్నారు. ఈ శుభవార్త ఇంట్లో నాకు మేలు చేయలేదు.

"నార్మల్ అంటే ఏమీ లేనట్లే గదరా. పోయి మగ్గంలో కూచో" అన్నాడు మా నాయన.

డాక్టరిచ్చిన మాత్రలు మింగితే మోకాలి నొప్పికి కడుపుమంట తోడైంది. మళ్లీ పోయాను. డాక్టరు ఈసారి మోకాలిచిప్పను అటూ ఇటూ కదిలించి చూశారు. "ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది, దాని మీది మెత్తటి పొర, కార్టిలేజ్, కనబడదు. ఎమ్మారై తీయిద్దాం."

అది అప్పట్లో మాకు బెంగళూరులోనే. నా భార్య సుజాత తోడొచ్చింది. "చాలా శబ్దం వస్తుంది, భయపడొద్దు" అని టెక్నీషియన్ హెచ్చరించాడు. టకటకా మొదలైంది. మగ్గాల వీధిలో పుట్టినవాణ్ణి, హాయిగా నిద్రపట్టింది. నన్ను లేపడానికి ఆయన పడ్డ కష్టం సుజాత ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంది.

రిపోర్టులో "ఎర్లీ కార్టిలేజ్ డీజెనరేషన్" అని ఉంది. క్షీణించిందనే ఆ చివరి మాటకు నా ముఖం మారింది. డాక్టరు మాత్రం మొదటి మాట కింద గీత గీశారు. "ఎర్లీ. మోకాలిచిప్ప వెనక మెత్తబడింది, అరిగిపోలేదు. ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. ఏం పని చేస్తావు?"

"మగ్గం నేస్తాను సార్. కూర్చుని చేసే పనే."

"గుంతలోంచి పైకి ఎట్లా వస్తావు?"

చూపించాను. కుడి మోకాలు ఆయన బల్ల అంచుకు ఆనించి, బరువంతా దాని మీద వేసి పైకెక్కాను. అవతల పోగు తెగినప్పుడల్లా, అన్నానికి పిలిచినప్పుడల్లా మా వీధంతా గుంతలోంచి లేచేది ఇట్లాగే.

"దిగప్పా, దొరికింది" అన్నారు డాక్టరు. మందులచీటీ మీద రెండే రాశారు: తొడ కండరాలకు వ్యాయామం, గుంతకు మెట్లు.

"మెట్లా? ఇది మగ్గమనుకున్నావా, దిగుడుబావి అనుకున్నావా?" అన్నాడు నాయన. అయినా కట్టించాను. నొప్పి తగ్గింది. తగ్గింది కదా అని వ్యాయామం మానేశాను. మోకాలు వాచి గుర్తుచేసింది. మళ్లీ పట్టుకున్నాను, ఇంక వదల్లేదు.

ఇప్పుడు రోజూ నేస్తున్నాను. మొన్న నేయడం పూర్తయిన చీరను మగ్గం మీంచి కోసి, భుజాన వేసుకుని, పెళ్లికొడుకులా గుంతలోంచి నడిచి వచ్చాను. నేను ఇంట్లో లేనప్పుడు నాయన కూడా ఆ మెట్ల మీదే ఎక్కుతాడట. నాకు తెలియనట్లే ఉంటున్నాను.

మీకు చెప్పేది ఒకటే. ఎక్స్‌రే నార్మల్ అని వచ్చినా నొప్పి అట్లే ఉంటే మళ్లీ పోండి. డాక్టరుకు మీ పని పేరు చెప్పి ఊరుకోకండి, చేసి చూపించండి. బల్ల ఎక్కాల్సి వస్తే చెప్పులు విప్పి ఎక్కండి.