మునెమ్మత్తకు కావలి

మొన్న సూళగిరి దాటి అత్తిముగం దారి పట్టగానే కారు చక్రాల కింద చిటపటమంది. అద్దం దించితే ఎండిన ఉలవ పొట్టు వాసన గుప్పుమని, తుమ్ము మీద తుమ్ము. ఆ తుమ్ములకు కృష్ణగిరి కోట రాయొకటి కదిలే ఉంటుంది. ఆ వాసన వెంటే మా పొరుగు మునెమ్మత్త నవ్వు కూడా వచ్చింది.

మా వైపు ఉలవలు నూర్చేది ఎద్దులు కాదు, బస్సులూ లారీలూ. ఎండిన తీగలు తారురోడ్డు మీద పరిస్తే బండ్లు తొక్కుతాయి, గింజ రాలుతుంది. మనిషి చేయవలసిందల్లా పక్కన కూర్చుని చూడటం. దానితో పోలిస్తే ఈగలు తోలుకోవడం సర్కసంత సందడి. మాకూ మునెమ్మత్తకూ చేలు పక్కపక్కనే, రోడ్డు మీద పరిచేదీ పక్కపక్కనే, నడుమ రాళ్ళ వరుస. మాయమ్మ ఏటా తెల్లారకముందే ప్రపంచాన్ని గెలవబోతున్నట్టు పరిగెత్తి మిట్ట మీది చోటు పట్టేది. అయినా ఆఖరికి మునెమ్మత్త కుప్పే పెద్దదయ్యేది. చీపురుతో మన గింజలు లాగేస్తోందని మాయమ్మ తేల్చేసింది. పైగా నూర్పిడి ముగియగానే ఆమె మా గడపలో చేటెడు ఉలవలు పెట్టి పోయేది. ఊరికే ఎవరిస్తారు? మందు పెట్టిందని అనుమానించి మాయమ్మ వాటిని గేదెకు వేసేది. ఆ గేదె ఏనుగంతయింది. అదీ మందు గుణమేనని ఇంకో అనుమానం.

తొంభైలలో, ఐటిఐ ముగించి హోసూరు ఫ్యాక్టరీల పిలుపు కోసం చూస్తున్న నన్ను మాయమ్మ కావలికి పంపింది. ఉలవలకు కాదు, మునెమ్మత్తకు. దొంగతనం కళ్ళారా చూసొస్తే పంచాయతీ పెడతానంది. పెడితే రెండిళ్ళ మధ్య మాటా మంచీ తెగినట్టే. సాక్షిని నేనే.

రెప్ప వేయకుండా చూశాను. బస్సు పోయింది, ఆమె నవ్వింది. తర్వాత ఖాళీ రోడ్డును చూసి ఇంకా నవ్వింది. ఖాళీ రోడ్డులో నవ్వేందుకేముంటుంది? తప్పు చేసిన మనిషి నవ్వేనని నిశ్చయించుకున్నాను.

"ఈడికి రాప్పా. ఆడ ఎండలో కూర్చోని నన్నే చూస్తే కండ్లు పోతాయి," అంది.

చెట్టు నీడన కూర్చోబెట్టి తన నాటకం చూపించింది. హోసూరు బస్సు కొత్తల్లుడట, ఊరంతా వినేలా అరిచి, పిలిచేదాకా కదలడట. చేతులు వెనక్కి కట్టుకున్నట్టు నడిచే కాకేమో రెవెన్యూ ఇన్‌స్పెక్టరట. ఇద్దరి పంటలోనూ ఒక్కో గింజ తిని, పని చేయకుండా పోతాడట. మరి నేనెవరని అడిగాను. పోలీసు వేషం కట్టి మీసం పెట్టుకోవడం మరచిన ఆయప్పనట. పడి పడి నవ్వాను. మరుక్షణమే, నా దృష్టి మళ్ళించడానికే ఇదంతా అనిపించి చటుక్కున రాళ్ళ వైపు తిరిగాను.

ఇక దాపరికం ఎందుకని అడిగేశాను. "నీ కుప్పే ఎందుకు పెద్దదవుతుందత్తా?"

"బండి వచ్చేటప్పుడు నా మొగం కాదప్పా, గింజను చూడు."

లారీ వచ్చింది. మా తీగల్లోంచి గింజలు చింది ఎగిరి, రాళ్ళు దాటి, వాలు వెంబడి దొర్లుకుంటూ ఆమె వైపు పోయాయి. చీపురు లేదు, చేయి లేదు. మిట్ట కోసం పరిగెత్తింది మాయమ్మే.

"చెప్పకూడదా?"

"మొదటేడే చెప్పినా. మంచి జాగా కొట్టేసేకి చూస్తా ఉండానని మీయమ్మ తిట్టె. అందుకే చేటతో తెచ్చిస్తా ఉండా."

నీళ్ళు నమిలి గేదె సంగతి చెప్పాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. "అదా! ఆ గేదె యాడ కనబడినా నా ఎంటబడేది. ఎందుకో అనుకొంటి."

ఇంటికెళ్ళి చెబితే, నాకూ మందు పడిందా అని మాయమ్మ నా నాలుక చూసింది. మర్నాడు తానే వెళ్ళి, పొద్దు వాలేదాకా గింజలను గుడ్లురిమి చూసింది. పంచాయతీ ఊసు మళ్ళీ ఎత్తలేదు. మరుసటేడు ఇంకా ముందే పరిగెత్తి పల్లపు చోటు పట్టింది. మునెమ్మత్త మిట్టన కూర్చుని నవ్వుకుంది. నూర్పిడయ్యాక మాయమ్మ చేటెడు ఉలవలు తీసుకుని, మొదటిసారి ఆమె గడప ఎక్కింది.

మునెమ్మత్త గుప్పెడు తీసి వాసన చూసింది. "మందెంత పెట్టినావు వదినా?"

మాయమ్మ మొహం బిగించుకోబోయి, బిగించలేక, చేట కింద పెట్టి నవ్వింది. ఆ పూట మునెమ్మత్త వాటినే ఉడకేసి మాకూ పెట్టింది. మాయమ్మ ముందుగా తినింది.

మునెమ్మత్త ఇప్పుడు లేదు. నేను మాత్రం బ్యాంకు వరుసలోనూ, హోసూరు ట్రాఫిక్‌లోనూ కొత్తల్లుళ్ళనూ ఇన్‌స్పెక్టర్లనూ వెతుక్కుంటూ నవ్వుకుంటాను. అనుమానం నాకు వంశపారంపర్యం, వదలదు. కానీ ఎవరి మీద అనుమానం వచ్చినా ముందు వాలు ఎటుందో చూస్తాను.

మొన్న కారు దిగి, టైరు సందుల్లో ఇరుక్కున్న గింజలు గీకి తీసి, మిట్ట వైపు పరిచిన ఉలవల్లోకి విసిరాను. పక్కన కావలి కూర్చున్నాయన లేచి నిలబడి, నన్ను మహా అనుమానంగా చూశాడు.